పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ముడి చమురు దిగినా బంకులో ధర ఎందుకు దిగదు?

ప్రశ్న: మాది తాడిపత్రి. బండలు తోలే లారీ ఒకటి పెట్టుకొని ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నాను. ముడి చమురు బ్యారెల్ 60 డాలర్ల దగ్గరికి పడిపోయిందని 2025 ఏప్రిల్ నెలలో పేపర్లో చదివి, డీజిలు ఎంతో కొంత తగ్గుతుందని ఆశపడ్డాను. మే నెల అయిపోవచ్చింది గానీ మా బంకులో పైసా కదలలేదు. 2022లో మాత్రం తెల్లవారి లేచేసరికి ఎనభై పైసలు, మళ్ళీ తెల్లవారేసరికి ఎనభై పైసలు పెరిగింది. పెరిగేటప్పుడు లేడి, తగ్గేటప్పుడు తాబేలు. ఎందుకిలా?

జవాబు: మీరు అడిగినదానిలో రెండు రకాల ఆలస్యాలు కలిసి ఉన్నాయి. ఒకటి చమురుకు సహజంగా ఉన్న ఆలస్యం, రెండోది మనుషుల నిర్ణయం వల్ల వచ్చే ఆలస్యం. మొదటిదాని వయసు కొన్ని వారాలే. మీకు కోపం తెప్పిస్తున్నది రెండోది, మీ కోపంలో న్యాయం ఉంది.

మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్ళకు పైగా బయటి నుంచే వస్తుంది. గల్ఫ్ రేవుల్లో నింపుకున్న ఓడ మన పడమటి తీరానికి చేరడానికి ఒక వారం లోపే పడుతుంది గానీ, అమెరికాలో నింపుకున్న ఓడకు నెల దాటుతుంది. వచ్చిన చమురును ట్యాంకుల్లో దించి, శుద్ధి కర్మాగారంలో వేడిచేసి విడదీసి, డీజిలును పైపులైన్లలోనో రైలు వ్యాగన్లలోనో డిపోకు చేర్చి, అక్కడి నుంచి ట్యాంకరు లారీలో మీ ఊరి బంకు భూగర్భ ట్యాంకులో పోసేసరికి ఇంకొన్ని వారాలు గడుస్తాయి. అంటే ఈ రోజు మీ లారీలో పడిన డీజిలు నెల, నెలన్నర కిందటి ధరకు కొన్న చమురు. ధర నిలిచిపోయిందని ఎవరైనా అడిగినప్పుడు చమురు కంపెనీల తరఫున మాట్లాడేవారు మొదట చెప్పే మాట ఇదే.

అయితే మన దేశంలో ధర కట్టే పద్ధతి చూస్తే ఆ మాట నిలబడదు. కంపెనీ చమురును ఎంతకు కొన్నదనే లెక్క మీద బంకు ధర కట్టరు. తయారైన పెట్రోలు, డీజిలు ఈ రోజు విదేశాల నుంచి నేరుగా తెప్పించుకుంటే ఎంత పడుతుందో, మన దగ్గరి నుంచి ఎగుమతి చేస్తే ఎంత వస్తుందో చూసి, మొదటిదానికి 80 పాళ్ళు, రెండోదానికి 20 పాళ్ళు విలువ ఇచ్చి మూల ధర కట్టే పద్ధతి, చమురు ధరల మీద ప్రభుత్వం వేసిన రంగరాజన్ కమిటీ సిఫారసు తరువాత 2006 నుంచి ఉంది. పాత చమురు ఏ ధరకు కొన్నా సరే, కొత్త ధరే లెక్కలోకి రావాలన్నది ఆ పద్ధతి అర్థం. ధర పెరిగినప్పుడు ట్యాంకుల్లో ఉన్న పాత సరుకుకు కొత్త ధర తీసుకోవడానికి ఏ అడ్డూ లేనప్పుడు, తగ్గినప్పుడు మాత్రం పాత సరుకు గుర్తుకు రావడం సరికాదు.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసివేశారు. ఆ తరువాత కొంతకాలం నెలకు రెండుసార్లు, ఒకటో తేదీన, 16వ తేదీన ధరలు మార్చేవారు. 2017 మేలో విశాఖపట్నంతో సహా అయిదు పట్టణాల్లో రోజువారీ ధరల పద్ధతిని పరీక్షించి చూసి, అదే ఏడు జూన్ 16 నుంచి దేశమంతటా అమలు చేశారు. ఆ పద్ధతి ప్రకారం రోజూ ఉదయం ఆరు గంటలకు ధర మారాలి. ఒక రోజు అయిదు పైసలు పెరగవచ్చు, మరో రోజు పదకొండు పైసలు తగ్గవచ్చు. ఆ నియమం ఇప్పటికీ కాగితం మీద ఉంది. అది మాటలో ఉన్నట్టే నడిచి ఉంటే, ఏప్రిల్‌లో పడిన ధర మే నెల మొదటి వారానికల్లా మీ బంకు బోర్డు మీద కనిపించి ఉండేది.

కొనేవారి ఆశకూ నిజమైన లెక్కకూ మధ్య కొంత దూరం ఉంటుంది కాబట్టి, ఎంత తగ్గి ఉండేదో కూడా చూద్దాం. ఒక బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. డాలరు 85 రూపాయలున్నప్పుడు బ్యారెల్ ధర ఒక్క డాలరు తగ్గితే లీటరు చమురు మీద తగ్గేది 53 పైసలు. 80 డాలర్ల నుంచి 60 డాలర్లకు పడితే లీటరుకు 10 రూపాయల 70 పైసల దాకా వస్తుంది. చమురు ధర నాలుగో వంతు పడింది కాబట్టి బంకు ధరలోనూ నాలుగో వంతు పడాలని చాలామంది అనుకుంటారు గానీ అది సాధ్యం కాదు, ఎందుకంటే మీరు కట్టే ధరలో ముడి చమురు మూడో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. పైగా డాలరు ఖరీదు పెరిగిన కొద్దీ చమురు తగ్గిన లాభాన్ని రూపాయి పతనం కొంత మింగేస్తుంది. 2008 జూలైలో బ్యారెల్ 147 డాలర్ల శిఖరానికి ఎక్కినప్పుడు డాలరు 43 రూపాయలే కావడంతో, అప్పుడు లీటరు ముడి చమురు 40 రూపాయల లోపే పడింది. 2025 మే నెలలో మన దేశం కొనే చమురు సగటున 64 డాలర్లు ఉంటే, లీటరుకు 34 రూపాయల పైన పడింది. డాలర్లలో ధర సగానికన్నా ఎక్కువ దిగినా, రూపాయల్లో దిగింది ఆరు రూపాయల లోపే.

ఇంత మినహాయించినా, 2024 మార్చికీ 2025 మే నెలకూ మధ్య లీటరు ముడి చమురు మీద తొమ్మిది రూపాయలకు పైగా తగ్గింది. అదంతా ఎక్కడికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

మొదటి జేబు కేంద్ర ప్రభుత్వానిది. చమురు పడిన ప్రతిసారీ ఎక్సైజ్ సుంకం (తయారైన సరుకు మీద కేంద్రం వేసే పన్ను) పెంచి ఆ తగ్గుదలను మధ్యలోనే పట్టుకోవడం పదేళ్ళుగా అలవాటైపోయింది. 2014 జూన్‌లో 109 డాలర్లున్న చమురు 2016 జనవరికి 28 డాలర్లకు దిగింది. రూపాయల్లో చూస్తే లీటరుకు 41 నుంచి 12 రూపాయలకు, అంటే 29 రూపాయలు తగ్గినట్టు. ఢిల్లీలో పెట్రోలు ధర మాత్రం 71 రూపాయల చిల్లర నుంచి 59 రూపాయల చిల్లరకు వచ్చి ఆగింది. ఆ మధ్య కాలంలో తొమ్మిది విడతలుగా పెట్రోలు మీద లీటరుకు 11 రూపాయల 77 పైసలు, డీజిలు మీద 13 రూపాయల 47 పైసలు సుంకం పెరిగింది. 2020లో కరోనా రోజుల్లో ఇంకా స్పష్టంగా జరిగింది. ఏప్రిల్‌లో మన దేశం కొనే చమురు సగటు 20 డాలర్లకు పడిపోతే, మే 6 నుంచి ఒక్క దెబ్బన పెట్రోలు మీద 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు సుంకం వేశారు. బంకు బోర్డు మీద అంకె మారలేదు కాబట్టి చాలామంది గమనించలేదు. ధర పెరగలేదని సంతోషించినవారు కూడా ఉన్నారు, లోపల తగ్గాల్సింది పోయిందని తెలియక. 2025 ఏప్రిల్ 8న పెంచిన రెండు రూపాయలదీ అదే దారి. 2021 నవంబరులో పెట్రోలు మీద 5, డీజిలు మీద 10 రూపాయలు, 2022 మేలో వరుసగా 8, 6 రూపాయలు కేంద్రం తగ్గించిన మాట కూడా నిజమే, అది మరువకూడదు.

రెండో జేబు చమురు కంపెనీలది. ఇక్కడ మీకు కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే కంపెనీల వైపు కూడా ఒక న్యాయం ఉంది. దేశంలోని బంకుల్లో అత్యధిక భాగం మూడు ప్రభుత్వ రంగ సంస్థలవే. 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 దాకా 14 సార్లు పెంచి, మొత్తం 10 రూపాయలు వేసి, అక్కడితో ఆపేశారు. మీరు చెప్పిన ఎనభై పైసలు ఆ రోజులవే. ఉక్రెయిన్ యుద్ధంతో చమురు 100 డాలర్లు దాటి నిలిచినా ఆ తరువాత బంకు ధర పెంచలేదు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల లెక్కల్లో హిందుస్థాన్ పెట్రోలియం ఒక్కటే 10 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టం చూపింది. అంటే ఆ వేసవిలో మీ లారీలో పోసుకున్న ప్రతి లీటరు మీద కంపెనీ నష్టపోయింది, మీకు లాభం కలిగింది. చమురు దిగాక ఆ నష్టం పూడ్చుకుంటామన్నారు, అందులో తప్పు పట్టడానికి లేదు. అయితే 2023–24 ఆర్థిక సంవత్సరంలో ఆ మూడు సంస్థలూ కలిసి సంపాదించిన లాభం దాదాపు 81 వేల కోట్లు. ఆ ఏడాది చివర్లో, లోక్‌సభ ఎన్నికల ప్రకటనకు ఒక రోజు ముందు, 2024 మార్చి 15 నుంచి లీటరుకు రెండు రూపాయలు తగ్గించారు.

ఆ రెండు రూపాయల తగ్గింపు జరిగిన రోజుల్లో ఢిల్లీ పెట్రోలు ధరలోంచి పన్నులూ డీలరు కమీషనూ తీసివేస్తే కంపెనీకి మిగిలింది 55 రూపాయల పైచిలుకు. అప్పుడు లీటరు ముడి చమురు 44 రూపాయల దాకా ఉంది. శుద్ధి ఖర్చు, రవాణా, లాభం అన్నీ కలిపి ఆ రెండింటి మధ్య దూరం 12 రూపాయల లోపు. 2025 మే నెలలో అదే లెక్క వేస్తే కంపెనీకి చేరింది 53, చమురు 34, మధ్య దూరం 19 రూపాయల దగ్గర ఉంది. తయారైన పెట్రోలు ధర ముడి చమురుతో పాటు అంతే జోరుగా పడదు కాబట్టి ఈ తేడా అంతా కంపెనీ లాభమని నేను అనను. గ్యాస్ సిలిండర్ల మీద నష్టాన్ని కూడా ఈ మిగులుతోనే పూడుస్తున్నారన్నది ఇంకో మాట. అయినా ఏడు రూపాయల దూరం పెరిగితే అందులో ఒక్క రూపాయి కూడా కొనేవారి దాకా రాకపోవడానికి సమాధానం లేదు.

ఈ తీరు మనకొక్కరికే సొంతం కాదు. బ్రిటన్ పెట్రోలు ధరలను పరిశీలించిన రాబర్ట్ బేకన్ అనే ఆర్థికవేత్త 1991లోనే ధరలు తారాజువ్వలా పైకి లేచి ఈకలా కిందికి దిగుతాయని రాశాడు. అక్కడ కారణాలు వేరు. నాలుగు పైసలు తక్కువకు అమ్మే బంకు కోసం కొనేవాడు ఊరంతా తిరగడు కాబట్టి ధర తగ్గించడానికి ఏ బంకూ తొందరపడదు. మన దగ్గర బంకుకు బంకుకు మధ్య పోటీయే అంతంత మాత్రం, తాళం చెవి ఢిల్లీలో ఉంది. 2018లో కర్ణాటక ఎన్నికల ముందు 19 రోజులు ధర కదలకపోవడం, పోలింగ్ ముగిసిన రెండో రోజు నుంచి మళ్ళీ పెరగడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోజువారీ ధర అని పేరు పెట్టి మూడేళ్ళు ఆపి ఉంచడం కన్నా, ఆపుతున్నామని చెప్పి, ఏ ధర దగ్గర ఎంత మిగిలిందో, ఎంత నష్టం పూడిందో నెలనెలా ప్రకటిస్తే మీ వంటి లారీ యజమాని కనీసం తన బాడుగ ఎంత మాట్లాడుకోవాలో తెలుసుకుంటాడు. నా అభిప్రాయంలో అడగాల్సింది అదే.

ప్రశ్న: మాది మడకశిర. ఇక్కడి నుంచి పది పదిహేను కిలోమీటర్లు పోతే కర్ణాటక వస్తుంది. అక్కడ పెట్రోలు లీటరుకు ఆరు రూపాయలు తక్కువ. మా ఊళ్ళో మోటారు సైకిల్ ఉన్నవాళ్ళు సంతకు పోయినప్పుడల్లా అక్కడే నింపుకొని వస్తారు. ఒకే చమురుకు రెండు ధరలేమిటి?

జవాబు: మూడో జేబు రాష్ట్రానిది. మీరు దాని అంచున కాపురం ఉంటున్నారు.

సరిహద్దుకు రెండు వైపులా కంపెనీ ధర, కేంద్రం సుంకం, డీలరు కమీషను దాదాపు ఒక్కటే. అవన్నీ కలిపి 2025 మేలో పెట్రోలు లీటరుకు 79 రూపాయల పైన అయింది. దాని మీద కర్ణాటక నూటికి 29.84 వంతున అమ్మకం పన్ను వేసింది. అందువల్ల అక్కడ 103 రూపాయల దగ్గర తేలింది. ఆంధ్రప్రదేశ్ నూటికి 31 వంతున వ్యాట్ (ఇదీ అమ్మకం పన్నే) వేసి, దానిపైన లీటరుకు 4 రూపాయలు అదనంగా, మరో రూపాయి రోడ్ల సెస్సుగా, అంటే రోడ్ల పేరిట వేసే అదనపు పన్నుగా వసూలు చేసింది. అందువల్ల ఇక్కడ 109 దాటింది. శాతాల మధ్య తేడా వల్ల వచ్చేది ఒక రూపాయి కూడా కాదు. మీ ఆరు రూపాయల్లో అయిదు ఆ స్థిరమైన మొత్తానివే. కేంద్రం వేసిన సుంకం మీద కూడా రాష్ట్రం పన్ను వేస్తుందని, అంటే పన్ను మీద పన్ను కడుతున్నామని కూడా గమనించండి.

ఆ నాలుగు రూపాయలకు ఒక కథ ఉంది, అది పై ప్రశ్నకు కూడా సంబంధించినదే. శాతం మీద వేసే పన్నుకు ఒక గుణం ఉంది: ధర పడితే రాబడి కూడా దానంతట అదే పడిపోతుంది. 2014 చివర్లో చమురు పడుతున్నప్పుడు కొత్తగా విడిపోయి లోటుతో ఉన్న రాష్ట్రానికి అది భారమైంది. 2015 ఫిబ్రవరిలో లీటరుకు 4 రూపాయలు అదనంగా విధించారు. 2018లో ప్రజల్లో అసంతృప్తి పెరిగినప్పుడు దాన్ని రెండుకు తగ్గించారు, 2020లో మళ్ళీ నాలుగు చేశారు, ఆ ఏడే రోడ్ల సెస్సు వచ్చింది. పార్టీ మారినా పద్దు మారలేదు. 2021 నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు కర్ణాటక కూడా తన పన్నులో 7 రూపాయలు వదులుకుంది, ఆంధ్రప్రదేశ్ వదులుకోలేదు. కర్ణాటక మళ్ళీ 2024 జూన్‌లో పెట్రోలు మీద 3 రూపాయలు పెంచింది. అంతకు ముందు మీ ఊరి మనిషికి ఇంకా మూడు రూపాయలు ఎక్కువ మిగిలేవన్నమాట.

రాష్ట్రం చెప్పుకునే కారణం ఒకటుంది, అది వినదగినదే. 2025 మేలో కేంద్రం పెట్రోలు మీద తీసుకున్న 21 రూపాయల 90 పైసల్లో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల సుంకం 1 రూపాయి 40 పైసలే. మిగతాదంతా సెస్సు, ప్రత్యేక అదనపు సుంకం అనే పేర్ల కింద ఉంది కాబట్టి పంపకంలోకి రాదు. ఆ రూపాయి నలభై పైసల్లోనూ 41 శాతమే రాష్ట్రాలన్నిటికీ కలిపి దక్కుతుంది. పెట్రోలు, డీజిలు ఇంకా జీఎస్టీ బయటే ఉన్నాయి కాబట్టి, సొంతంగా పన్ను వేసుకోగల కొద్ది వస్తువుల్లో ఇవి రాష్ట్రానికి ముఖ్యమైనవి. అయినా సరిహద్దు మండలాల్లో జరుగుతున్నది ప్రభుత్వం చూడాలి. మడకశిరలోనే కాదు, హిందూపురం, రాయదుర్గం, ఆదోని వైపు కూడా రోడ్డు పొడుగునా ఇదే దృశ్యం. మన వైపు బంకులో పంపు దగ్గర కుర్రవాడు స్టూలు మీద కూర్చొని ఉంటాడు, గట్టు దాటిన తరువాత మొదటి బంకులో మన రాష్ట్రపు నంబరు బండ్లు వరుస కట్టి ఉంటాయి. అక్కడ పోసుకున్న ప్రతి లీటరుకు మన ఖజానాకు రావలసిన అయిదు రూపాయలే కాదు, మొత్తం 29 రూపాయలూ పోతాయి.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నాను. ధర తగ్గనప్పుడు ఆ మిగులు బంకు యజమానికి పోతుందని మా ఇంట్లో వాదన. నిజమేనా?

జవాబు: నిజం కాదు. డీలరుకు వచ్చేది లీటరుకు ఇంత అని కంపెనీ ఇచ్చే కమీషను మాత్రమే. 2024 అక్టోబరులో పెంచిన తరువాత పెట్రోలు మీద అది 4 రూపాయల పైచిలుకు, డీజిలు మీద 3 రూపాయల పైచిలుకు. బోర్డు మీద ధర వందైనా నూటపదైనా ఆయనకు వచ్చేది దాదాపు అంతే. అందులోంచే కరెంటు, జీతాలు, ఆవిరైపోయే సరుకు, కార్డు మీద అమ్మిన సొమ్ము ఆలస్యంగా చేతికందడం వల్ల పడే వడ్డీ అన్నీ భరించాలి. నిజం చెప్పాలంటే ధర ఒక్కసారిగా తగ్గితే ఎక్కువ దెబ్బ తగిలేది ఆయనకే.

2021 నవంబరు 3, దీపావళి ముందు రోజు సాయంత్రం, కర్నూలులో గుత్తి రోడ్డు వైపు నాకు తెలిసిన ఒక బంకులో నేనున్నాను. మరునాటి నుంచి సుంకం తగ్గుతుందని టీవీలో ప్రకటన వచ్చింది. యజమాని లేచి, ఇత్తడి కడ్డీ తీసుకొని, భూగర్భ ట్యాంకు మూత తెరిచి, కడ్డీని నిట్టనిలువుగా దించి తీసి, తడి ఎక్కడి దాకా ఉందో టార్చిలైటు వెలుగులో చూశారు. ఆ అంకెను గోడ మీది పట్టికలో సరిచూస్తే 11 వేల లీటర్ల పెట్రోలు ఉంది. ఉదయమే ఒక ట్యాంకరు దించుకున్నారు. ఎక్సైజ్ సుంకం శుద్ధి కర్మాగారం గేటు దగ్గరే వసూలు చేస్తారు కాబట్టి ఆ సరుకు మీద పాత సుంకం ఆయన అప్పటికే కట్టేశారు, దాని మీద వ్యాట్ కూడా కట్టేశారు. రెండూ కలిపి లీటరుకు ఆరున్నర రూపాయలు. చిన్న క్యాలిక్యులేటర్ మీద గుణించి చూసుకుంటే 71,500 రూపాయలు వచ్చింది. డీజిలు లెక్క ఆయన ఆ రాత్రి వేయలేదు.

పక్క వీధిలో పిల్లలు అప్పటికే టపాకాయలు కాలుస్తున్నారు. వచ్చిన బండి వచ్చినట్టే, రేపు తగ్గుతుందటగా, వంద రూపాయలకు మాత్రం పోయండి అంటున్నది. ఆయన పోయిస్తూనే ఉన్నారు.